‘ఫైర్’ చిత్రం: కోరిక, కట్టుబాటు, మాట

కళాత్మక చిత్రాల మాట ఎత్తగానే మన ఇళ్ళలో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఒకటి, అవి అర్థం కావని. రెండోది, అందరితో కలిసి కూర్చొని చూడలేని విషయాలు వాటిలో ఉంటాయని. మొదటిది ఓపికతో నాలుగు చిత్రాలు చూస్తే తొలగిపోతుంది. రెండోదాన్ని కొంచెం ఆగి పరిశీలించాలి. తెర మీద ఏం చూపిస్తే ప్రేక్షకుడు నొచ్చుకుంటాడు? శరీరాన్ని చూపినందుకేనా? అదే కారణమైతే మన వ్యాపార చిత్రాల్లోని వాన పాటలు ఏనాడో ఆగిపోయి ఉండాలి. వాటిని మూడు తరాలవాళ్ళు కలిసి కూర్చొని చూస్తూనే ఉన్నారు. కాబట్టి నొప్పి తగిలే చోటు వేరే ఉంది.

ఆ చోటేదో తెలుసుకోవడానికి దీపా మెహతా తీసిన ‘ఫైర్’ మంచి ఉదాహరణ. భారతదేశంలో స్త్రీల కోరికను, ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను నేరుగా వస్తువుగా తీసుకొని, దేశమంతటా చర్చ లేపిన చిత్రం అది. ఆ చిత్రాన్ని ఎలా చదవాలి, అది లేపిన వివాదం దేని గురించి, తెలుగు చదువుకునే మనకు దానితో ఏం పని అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రం, కథ

దీపా మెహతా 1950లో అమృత్‌సర్‌లో పుట్టారు. 1973లో కెనడా వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ‘ఫైర్’ (1996), ‘ఎర్త్’ (1998), ‘వాటర్’ (2005) చిత్రాలను కలిపి ఆమె భూతత్రయంగా చెబుతారు. ‘ఫైర్’ను ఆమె ఇంగ్లీషులో తీశారు; హిందీలోకి తరువాత అనువదించారు. సంగీతం ఏ.ఆర్. రెహమాన్‌ది. మొదటి ప్రదర్శన 1996 సెప్టెంబరులో టొరంటో చలనచిత్రోత్సవంలో జరిగింది. ప్రధాన పాత్రధారిణులలో షబానా ఆజ్మీ పుట్టింది హైదరాబాదులో. నందితా దాస్ తండ్రి, చిత్రకారుడు జతిన్ దాస్, ఒడిశావారు. ఈమెనే తరువాత 2006లో కె.ఎన్.టి. శాస్త్రి గారి తెలుగు చిత్రం ‘కమ్లి’లో లంబాడా స్త్రీగా చూశాం.

కథ ఢిల్లీలోని ఒక మధ్యతరగతి ఉమ్మడి కుటుంబంలో నడుస్తుంది. కింద దుకాణం, ఒకవైపు తినుబండారాలు, మరోవైపు అద్దెకిచ్చే వీడియో క్యాసెట్లు. పైన ఇల్లు. అన్న అశోక్ ఒక స్వామీజీకి శిష్యుడు. భార్య రాధకు పిల్లలు పుట్టరని వైద్యులు చెప్పాక, సంతానం కోసం కాని కలయిక పాపమని నమ్మి 13 ఏళ్ళుగా బ్రహ్మచర్యం పాటిస్తున్నాడు. నిగ్రహం నిలిచిందో లేదో పరీక్షించుకోవడానికి మాత్రం అప్పుడప్పుడు రాధను పక్కన కదలకుండా పడుకోమంటాడు. తమ్ముడు జతిన్ ఇంట్లోవాళ్ళ ఒత్తిడికి లొంగి సీతను పెళ్ళి చేసుకున్నాడు. అతని మనసు జూలీ అనే మరో అమ్మాయి దగ్గరే ఉంది. పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారు బీజీ, చేతిలోని చిన్న గంట మోగించి తన ఇష్టాయిష్టాలు తెలుపుతుంది. పనివాడు ముండూ ఆ ఇంట్లో అన్నీ చూస్తుంటాడు.

ఈ ఇంట్లో తోడికోడళ్ళిద్దరూ మొదట పనిలో, తరువాత కబుర్లలో, ఆ తరువాత ప్రేమలో దగ్గరవుతారు. ముండూ వల్ల సంగతి అశోక్‌కు తెలుస్తుంది. చివర వంటింట్లో రాధ చీరకు నిప్పంటుకుంటే, అశోక్ తల్లిని ఎత్తుకొని బయటికి నడుస్తాడు గాని భార్య వైపు చేయి చాపడు. రాధ మంటల్లోనుంచి బయటపడి, వాన కురుస్తున్న ఒక దర్గాలో ఎదురుచూస్తున్న సీతను కలుసుకుంటుంది. కథ అక్కడితో ముగుస్తుంది.

నోము, మంచినీళ్ళు

ఈ చిత్రంలో ప్రణయ దృశ్యాలు రెండు మూడే. అవి కూడా క్లుప్తంగా సాగేవే. చిత్రం బరువంతా ఇంటిపనుల మీద, నోముల మీద, వంటింటి మీద ఉంది. అందుకు కరవా చౌత్ ఘట్టం చక్కని నిదర్శనం.

కరవా చౌత్ ఉత్తరాది ముత్తైదువులు భర్త ఆయుష్షు కోసం చేసే ఉపవాసం. పొద్దు పొడవక ముందు తిని, చంద్రోదయం దాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మన అట్లతద్దితో దీనికి దగ్గరి పోలిక ఉంది. అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియనాడు; కరవా చౌత్ ఆ మర్నాడే, చవితినాడు. ఉత్తరాదిలో నెలను పౌర్ణమితో ముగించే లెక్క ఉండడం వల్ల అదే రోజును వారు కార్తీకంలో వేసుకుంటారు. రెండింటిలోనూ ఉపవాసం, చంద్రుడి కోసం ఎదురుచూపు ఉన్నాయి. అట్లతద్దిలో ఉయ్యాలలు, ఆటలు, వాయనాలు ఎక్కువ. ఆడపిల్లల సందడి ముందుంటుంది, మంచి మొగుడన్న ఫలం వెనక ఉంటుంది.

చిత్రంలో ఈ నోము కథను రాధ సీతకు చెబుతుంది. ఒంటి నిండా సూదులు గుచ్చుకొని పడి ఉన్న రాజుకు రాణి ఒక్కొక్క సూదే తీస్తూ వస్తుంది. చివరి సూదులు మిగిలి ఉండగా ఆమె పక్కకు వెళితే, దాసి వాటిని తీసేస్తుంది. కళ్ళు తెరిచిన రాజుకు ఎదురుగా దాసి కనిపించడంతో ఆమెను రాణిని చేసుకుంటాడు. రాణి దాసి అవుతుంది. ఉపవాసం చేసి రాణి తన స్థానాన్ని తిరిగి పొందుతుంది. ఈ కథ విన్న సీతకు రాజు మీద గౌరవం కలగదు. తనకు ఇష్టం లేకపోయినా ‘ఆచారం’ అన్న మాట వినగానే ఒళ్ళు దానంతటదే కదులుతుందని ఆమె తన గురించి తానే చెప్పుకుంటుంది.

ఆ రాత్రి చంద్రుడు వస్తాడు గాని ఉపవాసం విడిపించవలసిన భర్త ఇంట్లో ఉండడు. రాధ సీతకు మంచినీళ్ళు తాగిస్తుంది. దృశ్యం ఇంతే, ఎవరి దుస్తులూ తొలగలేదు, ఎవరూ ఎవరినీ ముద్దు పెట్టుకోలేదు. అయినా చిత్రం మొత్తంలో ఇంతకంటె సాహసమైన దృశ్యం లేదు. భర్త చేయవలసిన పని భార్య తోడికోడలు చేసింది. ఆచారాన్ని ఎవరూ తోసివేయలేదు. అందులో భర్త స్థానంలో మరొకరు నిలబడ్డారు. ఎదురు తిరిగితే గుర్తుపట్టి అడ్డగించవచ్చు. ఆచారం లోపలే మనిషి మారితే గుర్తుపట్టడం కష్టం. మరో దృశ్యంలో కుటుంబమంతా ఉద్యానవనంలో కూర్చున్నప్పుడు సీత రాధ పాదాలు ఒత్తుతుంటుంది. అశోక్ దాన్ని చూసి తోడికోడళ్ళ సఖ్యతకు సంతోషిస్తాడు. కళ్ళ ముందు జరుగుతున్నదే, కాని అతనికి కనిపించదు. ఇంట్లో స్త్రీల మధ్య సాన్నిహిత్యాన్ని మనం ఎన్నడూ ప్రశ్నించం. అది లెక్కలోకి వచ్చే విషయమని మనకు తోచదు.

అగ్నిపరీక్ష ఎవరికి?

చిత్రం పేరు, పాత్రల పేర్లు తెలిసి పెట్టినవే. అశోక్ రామలీల చూసే సన్నివేశం ఉంది; అందులో సీత అగ్నిప్రవేశం ప్రదర్శిస్తారు. పురాణంలో అగ్నిలో దిగినది సీత. చిత్రంలో నిప్పంటుకున్నది రాధకు. రామాయణంలో అగ్ని సీత పాతివ్రత్యానికి సాక్ష్యం చెప్పింది. ఇక్కడ నిప్పు ముందు తేలిపోయినది భర్త ధర్మం. కోరికే సకల దుఃఖాలకూ మూలమని నమ్మిన మనిషి, మంటల్లో ఉన్న భార్యను వదలి వెళ్ళాడు.

ఆనాటి ప్రేక్షకులకు వంటింటి మంట అనగానే మరొకటి కూడా గుర్తుకొచ్చేది. 1980లలో ఢిల్లీ వార్తల్లో ‘స్టవ్ పేలి కోడలు మృతి’ అన్నది తరచు కనిపించిన వాక్యం. వరకట్న మరణాలపై ఉద్యమాల ఫలితంగానే శిక్షాస్మృతిలో 1983లో 498-ఎ, 1986లో 304-బి సెక్షన్లు చేరాయి. కాబట్టి రాధ చీరకు అంటుకున్న నిప్పులో పురాణమూ ఉంది, ఆనాటి దినపత్రికా ఉంది.

వివాదం

సెన్సారు బోర్డు 1998లో ఈ చిత్రానికి ‘ఎ’ ధ్రువపత్రం ఇచ్చింది. ఒక్క దృశ్యం కూడా కత్తిరించలేదు. హిందీ అనువాదంలో మాత్రం సీత పేరు నీతగా మార్చమన్నది. శరీరం మీద అభ్యంతరం లేకపోయింది, పేరు మీద వచ్చింది. ఈ సంగతి మనం మొదట వేసుకున్న ప్రశ్నకు సగం జవాబు.

చిత్రం 1998 నవంబరు 13న విడుదలై దాదాపు మూడు వారాలు నిరాటంకంగా నడిచింది. డిసెంబరు 2న ముంబయిలోని గోరేగావ్‌లో శివసేన కార్యకర్తలు థియేటరుపై దాడి చేశారు. మర్నాడు ఢిల్లీలో రీగల్ థియేటరుపై దాడి జరిగింది. కుటుంబ వ్యవస్థకు ఈ చిత్రం హాని చేస్తుందన్నది, హిందువుల పేర్లు ఎందుకు పెట్టారన్నది వారి ప్రధాన అభ్యంతరాలు. ప్రభుత్వం చిత్రాన్ని మళ్ళీ సెన్సారు బోర్డు పరిశీలనకు పంపింది. దిలీప్ కుమార్, జావేద్ అఖ్తర్, మహేశ్ భట్ తదితరులు దర్శకురాలితో కలిసి రక్షణ కోరుతూ సుప్రీం కోర్టును ఆశ్రయించారు. ఢిల్లీలో కొవ్వొత్తుల ప్రదర్శన జరిగింది. తమను తాము ‘లెస్బియన్’లమని రాసుకున్న అట్టలు పట్టుకొని స్త్రీలు వీధిలో నిలబడ్డారు. 1999 ఫిబ్రవరిలో చిత్రం కత్తిరింపులు లేకుండానే తిరిగి విడుదలైంది.

చిత్రాన్ని విమర్శించినవారంతా దాడి చేసినవారి పక్షం కాదు. ‘మానుషి’ సంపాదకురాలు మధు కిశ్వర్ ఈ చిత్రం భారతీయ కుటుంబాన్ని, సంప్రదాయాన్ని పైపైన చూసి తీర్పు చెప్పిందని కటువుగా రాశారు. మేరీ జాన్, తేజస్విని నిరంజన మరో కోణం నుంచి ప్రశ్నించారు. సంప్రదాయమే స్త్రీని అణచివేసిందని చెప్పే చిత్రం, సంప్రదాయాన్ని కాపాడతామనే వ్యతిరేకులు, ఇద్దరూ భారతీయ సంస్కృతికి ఒకే చిత్తరువు గీస్తున్నారన్నది వారి వాదన. స్త్రీవాదులు తరచు అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇద్దరి భర్తలూ మంచివాళ్ళయి ఉంటే రాధ, సీత ప్రేమించుకొనేవారా? ప్రేమ భర్తల లోపం వల్ల పుట్టినదిగా చూపితే, ఆ ప్రేమకు సొంత కాళ్ళు లేనట్టే కదా? ఇది న్యాయమైన ప్రశ్న. చిత్రానికి ఉన్న పరిమితి ఇదే.

మాట లేదన్న సీత

చిత్రంలో ఒకచోట సీత, తమ ఇద్దరి మధ్య ఉన్నదాన్ని చెప్పడానికి తమ భాషలో మాట లేదని అంటుంది. ‘తమ భాష’ అంటే ఏది? ఆమె ఆ వాక్యం చెబుతున్నది ఇంగ్లీషులో. తమ భాషలో మాట లేదన్న సంగతిని కూడా పరాయి భాషలో చెప్పవలసి వచ్చింది. తెలుగునాటికి దూరంగా పెరిగిన విద్యార్థికి ఈ ఇబ్బంది కొత్త కాదు. ఇంట్లో తెలుగులో అన్నం అడుగుతాం, దేవుడికి దండం పెడతాం, అమ్మమ్మతో తగువాడతాం. మనసు గురించి, ఒంటి గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు కన్నడమో మరాఠీయో ఇంగ్లీషో అందుకుంటాం. ఆ మాటలు తెలుగులో మనకు ఎవరూ ఇవ్వలేదు.

తెలుగులో మాటలు బొత్తిగా లేవా? ‘స్వలింగ సంపర్కం’ పత్రికలు వాడిన మాట. అందులో శరీరాల తాకిడి ఉంది గాని ప్రేమ లేదు. ‘స్వలింగ ప్రేమ’ ఇటీవలి వాడుక. హిజ్రాల గురించి జనం నోట నలిగిన పాత మాట తిట్టుగా మారిపోయింది కనుక ఇక్కడ రాయనక్కరలేదు. ‘లైంగికత’, ‘జెండర్’ అనేవి స్త్రీవాద చర్చల్లో స్థిరపడినవి. వైద్యం ఇచ్చిన మాట, చట్టం ఇచ్చిన మాట, తిట్టు ఇచ్చిన మాట ఉన్నాయి. ప్రేమించేవారు తమకు తాము పెట్టుకున్న మాట ఆలస్యంగా వచ్చింది.

‘జెండర్’ అంటే ఏమిటని అడిగే విద్యార్థికి మన వ్యాకరణం కొంత ఉపకరిస్తుంది. 1858లో వెలువడిన చిన్నయ సూరి బాలవ్యాకరణం నామవాచకాలను మహత్తు, మహతి, అమహత్తు అని చెబుతుంది. పురుషుడు మహత్తు, స్త్రీ మహతి, పశువులూ వస్తువులూ అమహత్తు. ఏకవచనంలో మహతి అమహత్తుతో కలుస్తుంది: అతడు వచ్చాడు, కాని ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరతారు: వాళ్ళు వచ్చారు; ఆవులు వచ్చాయి. మీ చుట్టూ ఉన్న భాషలతో పోల్చి చూడండి. తమిళంలో ‘అవళ్ వందాళ్’, కన్నడంలో ‘అవళు బందళు’ అని స్త్రీకి వేరే రూపం ఉంది. మరాఠీలో మూడు లింగాలకు ఆలా, ఆలీ, ఆలం అని మూడు రూపాలు. ఒడియాలో ‘సే ఆసిలా’ అంటే వచ్చినది ఆమో అతడో తెలియదు.

దీన్నిబట్టి తెలుగువారికి స్త్రీలంటే చిన్నచూపనీ, తమిళ కన్నడిగులకు గౌరవమనీ తేల్చరాదు. ఆ రూపం వేరుగా ఉన్నంత మాత్రాన అక్కడి స్త్రీల బతుకు మెరుగుపడలేదు. ఆడ, మగ అన్న విభజనను ప్రకృతి ఒక్కటే గీయదనీ, భాష, ఆచారం, చట్టం కూడా గీస్తాయనీ, ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా గీస్తాయనీ గ్రహిస్తే చాలు. జెండర్ అన్న మాటకు అర్థం అదే.

తెలుగులో ఈ ప్రశ్న

స్త్రీ కోరికను గూర్చిన ఈ చర్చ తెలుగు పాఠకులకు ‘ఫైర్’తో మొదలు కాలేదు. చలం 1927లో ‘మైదానం’ రాశారు. వకీలు భర్తను వదలి అమీర్‌తో వెళ్ళిపోయిన రాజేశ్వరి తన కథను తానే చెబుతుంది. ఆ నవలలో లోకాన్ని కలవరపెట్టినది ఆమె వెళ్ళిపోవడం ఒక్కటే కాదు. వెళ్ళినందుకు సిగ్గుపడకుండా ‘నేను’ అంటూ చెప్పుకోవడం. చలాన్ని బూతు రచయిత అన్నారు. ఆయన 1950లో తెలుగునాడు వదలి తిరువణ్ణామలై చేరారు. 1942లో ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’ కథ రాసినప్పుడు లాహోరు కోర్టులో అశ్లీల రచన కేసు నడిచింది. అందులో అశ్లీలమైన మాట ఒక్కటీ చూపలేక కేసు వీగిపోయింది. ‘ఫైర్’ వచ్చినప్పుడు ఈ కథను చాలామంది గుర్తు చేసుకున్నారు. 1993లో వోల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితా సంకలనం ‘నీలి మేఘాలు’ వచ్చింది. తమ కవిత్వాన్ని ‘నీలి కవిత్వం’ అని ఎద్దేవా చేసినవారికి ఆ పేరే సమాధానమయింది.

సీతను తిరిగి చెప్పడం కూడా మనకు కొత్త కాదు. మన స్త్రీల రామాయణపు పాటల్లో ఊర్మిళ నిద్ర ఉంది, సీత చేత రావణుడి బొమ్మ గీయించిన కథ ఉంది. దంచుతూ, దోసిట చెరుగుతూ పాడుకున్న ఆ పాటల్లో రాముడి పట్టాభిషేకం కంటె ఆడవారి బాధలే ముందు నిలిచాయి. వోల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఈ వరుసలో పెట్టి చూస్తే ‘ఫైర్’ విదేశం నుంచి ఊడిపడినదిగా కనిపించదు.

ఇరుగుపొరుగు చిత్రాలు

మీరున్న రాష్ట్రాల భాషల్లోనూ ఈ కోవకు చెందిన చిత్రాలున్నాయి. జబ్బార్ పటేల్ మరాఠీ చిత్రం ‘ఉంబర్ఠా’ (1982)లో స్త్రీల ఆశ్రమంలో ఇద్దరు ఆడవారి సంబంధం ప్రస్తావనకు వస్తుంది. రాజీవ్ పాటిల్ ‘జోగ్‌వా’ (2009) ఎల్లమ్మకు అర్పితమైన జోగతి, జోగతల బతుకు చూపుతుంది. లింగదేవరు తీసిన కన్నడ చిత్రం ‘నాను అవనల్ల... అవళు’ (2015) తమిళ రచయిత్రి లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథకు రూపం. అందులో నటించిన సంచారి విజయ్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. ‘నేను అతణ్ణి కాను, ఆమెను’ అని ఆ పేరుకు అర్థం. ఒక బతుకు పోరాటమంతా రెండు సర్వనామాల మధ్య జరిగింది.

చట్టం కూడా ఈ మధ్యకాలంలో చాలా దూరం నడిచింది. ‘ఫైర్’ విడుదలైననాటికి 1860 నాటి శిక్షాస్మృతి 377 సెక్షను అమలులో ఉంది. ఢిల్లీ హైకోర్టు 2009లో దాన్ని సడలించగా, 2013లో సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మూడవ లింగంగా గుర్తింపునిచ్చింది. 2018 సెప్టెంబరు 6న వయోజనుల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. స్వలింగ వివాహానికి గుర్తింపునివ్వడానికి మాత్రం 2023 అక్టోబరులో నిరాకరించింది.

ముగింపు

చిత్రం చివర అశోక్ నిలదీసినప్పుడు రాధ క్షమాపణ చెప్పదు. కోరిక లేనప్పుడు తాను చచ్చినదానితో సమానమనీ, ఇప్పుడు బతకాలని ఉందనీ చెబుతుంది. ఆ చిత్రానికి నడుమ కట్టు ఈ మాటే. అప్పటిదాకా ఆ ఇంట్లో రాధ గురించి అందరూ మాట్లాడారు: ఆమె గొడ్రాలు, ఆమె ఓపికస్తురాలు, ఆమె మంచి కోడలు. ఇప్పుడు ఆమె ‘నేను’ అన్నది. థియేటరు అద్దాలు పగిలినది తెర మీది శరీరాల వల్ల కాదు, ఈ ‘నేను’ వల్ల అని నా అభిప్రాయం.

హిందీలో ‘నేను వచ్చాను’ అనాలంటే ఆడో మగో చెప్పక తప్పదు, మరాఠీలోనూ అంతే. తెలుగులో ‘నేను వచ్చాను’ అన్న వాక్యానికి లింగం లేదు. భార్య, భర్త, హిజ్రా, ఎవరన్నా అదే వాక్యం. ఇటువంటి చిత్రం చూసినప్పుడు ఏం చూపారని కాక, ఇందులో ‘నేను’ అంటున్నది ఎవరు, ఎవరి గురించి ఇతరులే మాట్లాడుతున్నారు అని గమనించండి. చూశాక దాని గురించి మీ మిత్రుడితోనో అక్కతోనో తెలుగులో మాట్లాడి చూడండి. మాటలు తడబడతాయి. తడబడిన చోట మీరు వెతికి తెచ్చుకున్న మాట తెలుగుకు కొత్తగా చేరిన మాట అవుతుంది.